గాడిద మిట్ట మీద మా బావ గ్లాసు

నా పికప్ బండికి కొత్త ముక్కు పెట్టాలన్న ఆలోచన నంద్యాల గ్రంథాలయంలో, బాగా తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కింద కూర్చుని ఉండగా వచ్చింది. ఆ కుర్చీ కోసం నేను తలుపులు తీసే వేళకే పోయి నిలబడతాను. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు వచ్చారంటే ఇక సాయంత్రం దాకా అది దొరకదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్షే. బాడుగ లేని రోజున అక్కడే చదువుతాను. బాడుగ ఉన్న రోజున పుస్తకాన్ని బండిలో పెట్టుకుని, సరుకు ఎక్కించేదాకా, దించేదాకా స్టీరింగుకు ఆనించి చదువుతాను. తేనెటీగల గురించి చదివాను. సముద్రం అడుగున ఉండే కొండల గురించి చదివాను. పళ్ళ జబ్బుల మీద ఒక లావుపాటి పుస్తకం చదివి, వారం రోజులు కనిపించిన ప్రతివాడి నోట్లోకీ తొంగి చూశాను. చదివింది పదిమందికి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. అందుకే బండ్ల స్టాండులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, "లైబ్రరీ" అంటారు. అది ఎగతాళి అని నా భార్య చెబుతుంది. నాకు మాత్రం బిరుదులాగే వినిపిస్తుంది.

ఆ రోజు నా చేతిలో ఉన్నది అట్ట ఊడిపోయిన మోటారు వాహనాల పుస్తకం. గడువు దాటిపోయింది, తిరిగిచ్చే ముందు చివరిసారిగా నాలుగు పేజీలు చదువుకుందామని కూర్చున్నాను. ఇంజను గాలి పీల్చుకోవడం గురించి అందులో ఒక అధ్యాయం. ఇంజనుకు డీజిలు ఒక్కటే పోస్తే చాలదట, అది మండడానికి తగినంత ప్రాణవాయువు కూడా కావాలట. కంపెనీ వాళ్ళు గాలిని వడపోసే కాగితాన్ని ఒక నల్ల డబ్బాలో బిగించి, ఆ డబ్బాకు సన్నటి దారి ఒకటి వదులుతారు. డబ్బా మొత్తం తీసేసి, శంకువు ఆకారంలో, అంటే బొరుగుల పొట్లంలాగా ఉండే బయటి ఫిల్టరును నేరుగా గొట్టానికి తగిలిస్తే, గాలి నాలుగు వైపుల నుంచీ ధారాళంగా పోతుంది, బలం పెరుగుతుంది. పేజీ చివరి దాకా చదివి పుస్తకం మూసేశాను. ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదనిపించింది. గ్రంథాలయం మేడం చేతికి పుస్తకం ఇచ్చి, ఆమెకు కూడా ప్రాణవాయువు సంగతి చెప్పి బయటపడ్డాను.

బండికి బలం ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు పోయే దారిలో ఒక ఊరికి ముందర గాడిద మిట్ట అని ఒక ఎత్తు ఉంది. వెనకటికి బరువు మోసే గాడిదలు అక్కడికి రాగానే మొండికేసేవట. మా నాయన నడిపి నా చేతికిచ్చిన బండి, పద్దెనిమిదేళ్ళు దాటింది, అది కూడా అక్కడ రెండుసార్లు మొండికేసింది. మొదటిసారి సిమెంటు మూటలతో ఆగింది. రెండోసారి పెండ్లి షామియానాతో ఆగితే, పెండ్లికొడుకు తరఫు వాళ్ళు మిట్ట దిగి వచ్చి తలా ఒక గుంజ భుజాన వేసుకుని పోయారు. ఫోటోలో వాళ్ళ పట్టు చొక్కాల మీద తుప్పు మరకలు ఇప్పటికీ కనిపిస్తాయట.

ఈ కబురు మా బావ దాకా పోయింది. బావ అంటే నా భార్యకు అన్న. బేతంచెర్లలో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది ఆయనకు. నన్ను అక్కడ అజమాయిషీకి పెట్టుకోవాలని ఆయన కోరిక. మంచి మనసుతోనే అడుగుతాడు, అందులో అనుమానం లేదు. కాని ఆ ఫ్యాక్టరీలో పొద్దున్నుంచీ రంపాలు రాయిని కోస్తుంటాయి. పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. దుమ్ము లేవకుండా ఎప్పుడూ నీళ్ళు పోస్తుంటారు, తడి తగలని చోటే లేదు. ఒకసారి చూసి రావడానికి పోయినప్పుడు చంకలో ఒక పుస్తకం ఉంది. సాయంత్రానికి అది పూరీలాగా ఉబ్బింది. జరిమానా కట్టి, మేడం ఎదుట తల దించుకుని నిలబడ్డాను. బండి పోతే నాకు పోయేది బండి ఒక్కటే కాదు, నా చదువుల గది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక బావ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆయన వస్తే నీళ్ళు ఆయన గ్లాసులోనే ఇవ్వాలి. మా పెండ్లికి ఆయన పెట్టిన స్టీలు సామానులో మిగిలిన ఒకే ఒక్క గ్లాసు అది. దాని మీద ఆయన పేరు, ఇంటిపేరుతో సహా చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. తాగే ముందు ఒకసారి, తాగాక ఒకసారి గ్లాసు తిప్పి పేరు చదువుకుంటాడు.

ఆ రోజు నీళ్ళు తాగి, పేరు చదువుకుని అన్నాడు: "ఆ డొక్కు బండి పెట్టుకోని ఎన్నాళ్ళు తిరుగుతావప్పా? గాడిదలే నయం. గడ్డి ఏస్తే లేస్తాయి."

"బండికి బలం తగ్గలా బావా. ఊపిరి ఆడక అట్ల చేస్తాంది. నేను సదివినా."

"నువ్వు సదివితే బండి ఎక్కుతాదా మిట్ట?"

"ఎక్కుతాది."

"ఎక్కకుంటే?"

చదువుకున్నవాడికి పౌరుషం ఉండకూడదని ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. "మూడోసారి గూడా ఆ మిట్ట మీద ఆగితే, బండిని పాత ఇనుముకు ఏసి నీ యెంబడి బేతంచెర్లకొస్తా," అన్నాను.

నా భార్య గరిటెతోనే వంటింట్లోంచి వచ్చి, "నేను సాక్షి," అంది. ఎవరి పక్షాన సాక్షో ఇప్పటికీ చెప్పలేదు.

మరుసటి రోజు కార్ల సామాను కొట్టులో ఒక ఫిల్టరు సంపాదించాను. ఎవరో కారుకు పెట్టించుకుంటే, వాళ్ళ ఆవిడ చప్పుడు భరించలేక తీయించిందట. ఎర్రటి గుడ్డ పొరలు, వెండిలాగా మెరిసే మూతి, చూడ్డానికి పెండ్లి కిరీటంలాగా ఉంది. దాన్ని పట్టుకుని మా మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన మా నాయన కాలం నుంచీ ఆ బండి కడుపులో చేయి పెడుతున్న మనిషి. ఫిల్టరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరె లైబ్రరీ, డబ్బా తీసేస్తే దుమ్ము గతి ఏంది? మనం ఉండేది నంద్యాలలో, నాయనా."

"దీని గుడ్డే దుమ్ము పడతాది భాయ్. నువ్వు సదివినావా ఏమన్నా దీని గురించి?"

"నేను సదవలా. రిపేరీ చేసినా."

నేను ఆ మాటను పట్టించుకోలేదు. భాయ్ నల్ల డబ్బా ఊడదీసి, మూత కూడా తెరవకుండా నా చేతిలో పెట్టి, "ఇది మాత్రం పారెయ్యాకు, ఇంట్లో పెట్టు," అన్నాడు.

తీరా బిగించబోతే ఫిల్టరు మూతి పెద్దది, బండి గొట్టం మూతి చిన్నది. రెంటినీ కలపడానికి ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం ఉండే ముక్క కావాలి. పైపుల కొట్లో దొరకలేదు. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం, లోపల నున్నగా ఉండే గొట్టం ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని మనం గ్లాసు అంటాం.

కొలతలకు దారం ముక్క పట్టుకుని ఇంటికి పోయాను. నా భార్య దుకాణానికి పోయి ఉంది. గూట్లో పన్నెండు గ్లాసులు. ఒక్కొక్కదానికీ దారం చుట్టి చూశాను. పదకొండు కుదరలేదు. పన్నెండోది అచ్చు కొలిచి చేసినట్టు సరిపోయింది. దాని మీద పేరు చదివి, గూట్లో పెట్టేశాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను. విజ్ఞానం కోసం పూర్వం ఎంతమంది ఎన్ని త్యాగాలు చేశారో గుర్తు తెచ్చుకుని, మూడోసారి తీసి జేబులో వేసుకున్నాను. త్యాగం చేస్తున్నది నేను కాదు, బావ అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

భాయ్ రంపంతో గ్లాసు అడుగు కోసేశాడు. పేరుకు దెబ్బ తగల్లేదు. సన్నటి పక్క రబ్బరు గొట్టంలో దూర్చి ఒక క్లిప్పు, వెడల్పు పక్క ఫిల్టరుకు తొడిగి ఒక క్లిప్పు బిగించాడు. తాళం తిప్పి బండి స్టార్టు చేశాను. యాక్సిలేటరు తొక్కితే "హూఁ" అని ఒక శబ్దం వచ్చింది. నీళ్ళ తొట్టిలో మూతి పెట్టబోయే దున్నపోతు ముందుగా విడిచే శబ్దం లాంటిది. భాయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను మురిసిపోయాను.

నిజంగానే బండి చురుకైంది. ఇదివరకు మూడో గేరులో ఏడ్చే చోట నాలుగో గేరులో నవ్వుతూ పోయింది. చప్పుడు ఒక్కటే చిక్కు. ఆదివారం చర్చి పక్కన బండిని వెనక్కి తీస్తుంటే, లోపల ప్రార్థన నడుపుతున్న అయ్యగారు "హూఁ" విని మధ్యలో కళ్ళు తెరిచారట. ఆయన కళ్ళు తెరవడం చూశామని చెప్పిన వాళ్ళందరూ తామూ తెరిచినట్టే కదా అని నేను అన్నాను. ఆ మాట ఎవరికీ నచ్చలేదు. ఆ తర్వాత నా భార్య సందు మొదట్లోనే దిగి నడిచి వచ్చేది.

పది రోజులకే గాడిద మిట్ట పిలుపు వచ్చింది. ఆ పైన ఉన్న ఊరివాళ్ళు ఆళ్లగడ్డలో నాలుగడుగుల ఆంజనేయస్వామిని చెక్కించుకున్నారు. మరుసటి పొద్దున ప్రతిష్ఠ, అంతకు ముందు సాయంత్రం లోపల స్వామిని జలాధివాసానికి నీళ్ళలో పడుకోబెట్టాలి. బాడుగ నాకే ఇచ్చారు. మాది చర్చికి పోయే ఇల్లయినా, ఆళ్లగడ్డ దేవుళ్ళను చాలామందిని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు చేర్చింది మా బండే.

బావ ఆ పొద్దున్నే బేతంచెర్ల నుంచి బస్సు దిగాడు. "సాక్షికి సాక్షి ఉండాల గదప్పా. నేనూ బండ్లో వస్తా," అన్నాడు. నా భార్య నీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు తిప్పి చూసి, పేరు లేకపోయేసరికి మళ్ళీ తిప్పి చూశాడు.

"నా గ్లాసు యాడమ్మా?"

"రెండు దినాలుగా ఎదుకుతాండా అన్నా. పన్నెండుండాల, పదకొండే ఉండాయి. ఏందబ్బా, నువ్వేమన్నా సూసినావా?" అంది నా వైపు తిరిగి.

"పొద్దు పోతాంది బావా, పోదాం పా," అని నేను లేచాను.

ఆళ్లగడ్డలో రాతి పని చేసే షెడ్డులోకి పోతే ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టం. రెప్పల మీద కూడా తెల్లటి రాతి పొడి ఉంటుంది. ఆ షెడ్డు పెద్దాయనకు డెబ్బై దాటాయి, ఇప్పటికీ విగ్రహం ముఖం తానే చెక్కుతాడు. ఆయనకు ఒక నియమం ఉంది. ముక్కుకు తడిగుడ్డ కట్టకుండా ఎవరూ షెడ్డులో అడుగు పెట్టకూడదు. గుమ్మం దగ్గర బకెట్లో నీళ్ళు, పాత పంచె ముక్కలు ఉంటాయి. పనివాళ్ళయినా, విగ్రహం కొనవచ్చిన పెద్దమనుషులయినా, ఆయనే పిండి, తల వెనక్కి తిప్పి ముడేస్తాడు. షెడ్డులో తిరిగే కుక్కకు కూడా కట్టబోయాడట. కుక్క ఒప్పుకోలేదు.

మా ఇద్దరికీ కట్టాడు. మీసాల మీద తడిగుడ్డ పడేసరికి బావ ముఖం ఇబ్బందిగా మారింది.

విగ్రహం ఎక్కించడానికి చైను సిద్ధం చేసేలోపు నేను ఊరుకోలేకపోయాను. బానెట్ ఎత్తి పెద్దాయనను పిలిచాను. బావ పనివాళ్ళ దగ్గర ఉండేటట్టు చూసుకుని మరీ పిలిచాను, గ్లాసు సంగతి ఉంది కదా.

"తాతా, ఇట్ల రా. ఇంజను గూడా మనలాంటిదే. డీజిలు దాని కూడు. ఇదో, ఇది దాని ముక్కు. దీంట్లోంచే ఊపిరి పీలుస్తాది."

పెద్దాయన వంగి చూశాడు. ఫిల్టరు మీద వేలు రాసి, వేలి కొన మీద తెల్లగా అంటిన పొడిని నాకు చూపించాడు.

"ముక్కా?"

"ముక్కే తాతా."

"దీంట్లోంచే పీలుస్తాదా?"

"అంతా దీంట్లోంచే. మూత లేకుండా బార్లా ఉండాది సూడు, అదే దీని గొప్ప."

ఆయన ఏదో అనబోయాడు. వెనక నుంచి పనివాళ్ళు కేకేశారు. నేను పోయి బావతో కలిసి వరిగడ్డి పరిచాను, స్వామిని చైనుతో దించి, తాళ్ళు బిగించాము. ప్రతిష్ఠ దాకా కళ్ళు తెరవకూడదు కాబట్టి స్వామి ముఖానికి పసుపు గుడ్డ కట్టి ఉంది. అంతా అయి ముందుకొస్తే పెద్దాయన బానెట్ దించేసి, దాని మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. "ఇంగ ఏం భయం లేదు, పో," అన్నాడు. దీవెన అనుకున్నాను.

పెద్ద రోడ్డు మీద బాగానే పోయింది. ఎందుకో "హూఁ" మాత్రం వినపడలేదు.

"ఏందప్పా, దున్నపోతు మాదిరి అరుస్తాదని మా చెల్లెలు సెప్పె. సప్పుడే లేదే?"

"ఎనకాల దేవుడుండాడని మర్యాదగా పోతాంది బావా."

రోడ్డు దిగి మట్టి దారి పట్టాక, ముందర రెండు ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. మైలు దూరం వాటి దుమ్ములోనే పోయాము. అప్పుడు మొదలైంది. కాలు ఎంత తొక్కినా బండి ముందుకు పోవాలని అనుకోవడం లేదు. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. మోటారు సైకిలు మీద మమ్మల్ని దాటిన ఒకాయన ముఖం తుడుచుకుంటూ ఏదో తిట్టిపోయాడు. బావ మాత్రం చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాడు. అది తిట్టు కంటే నొప్పిగా ఉంది.

గాడిద మిట్ట మొదట్లోనే మొదటి గేరు వేశాను. పైన ఊరివాళ్ళు మమ్మల్ని చూసి తప్పెట్లు అందుకున్నారు. బండి సగం దూరం పోయి, ఒక దగ్గు దగ్గి, ఆగిపోయింది. చేతి బ్రేకు లాగాను. బావ దిగి, వెనక టైరు కింద రాయి పెట్టి, చేతులు దులుపుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆగిందా, లేదా?"

నా కళ్ళ ముందు రాయి కోసే రంపాలు, ఉబ్బిన పుస్తకాలు తిరుగుతున్నాయి. సీటు కింద నుంచి నా నోటు పుస్తకం తీశాను. గ్రంథాలయంలో రాసుకున్న సంగతులన్నీ అందులోనే ఉన్నాయి. మిట్ట మీద, తప్పెట్ల మోతలో, స్టీరింగుకు ఆనించి వెతకసాగాను. తప్పెట్లవాళ్ళు అనుమానం వచ్చి ఆపేశారు. ఊరి పెద్దమనిషి ఒకాయన నలుగురితో దిగి వచ్చాడు.

"ఏమైందప్పా? ఏం సదువుతాండాడు ఈయన? మంత్రమా?"

"బండి ఏంటికి ఆగిందో పొస్తకంలో ఎదుకుతాండాడు," అన్నాడు బావ.

"దొరికింది!" అని అరిచాను. "నల్ల పొగొస్తే డీజిలు ఎక్కువై గాలి తక్కువైనట్టు. బండికి గాలి సాలడం లేదు."

ఊరి పెద్దమనిషి వెనక ఉన్న స్వామి వైపు, నా వైపు చూశాడు. "వాయుపుత్రుణ్ణి ఎనకాల కూచోబెట్టుకోని గాలి లేదంటాండాడు సూడండప్పా!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "గాలి సాలకుండా ఉండేకి లేదు," అన్నాను. "ఇంత పెద్ద ముక్కు నంద్యాలలో ఏ పికప్పుకూ లేదు."

"అయితే ఆ ముక్కే సూడు ముందు," అన్నాడు బావ. నేను వద్దనేలోపే బానెట్ ఎత్తేశాడు.

ముక్కు కనపడలేదు. దాని చోట ఒక మూట ఉంది. పంచె ముక్క, రెండు చుట్లు చుట్టి, పైన గట్టి ముడి. పంటి నొప్పి వచ్చినవాడు దవడకు కట్టుకున్నట్టుంది. తడిగుడ్డ మీద మట్టి దారి దుమ్మంతా పట్టి, ఇంజను వేడికి ఎండి, అలికిన గోడలాగా బిగుసుకుంది. వేలితో కొడితే టక్కుమంది.

ఆ ముడి నాకు తెలుసు. అలాంటిదే ఒకటి పొద్దున నా తల వెనక ఉంది.

"దుమ్ములో ముక్కు బార్లా తెరిచి పెట్టినానని తాత గుడ్డ కట్టినాడు," అన్నాను మెల్లగా.

"బండికి ముక్కుందని ఆయనకెవురు సెప్పిరి?"

"నేనే."

ఊరి పెద్దమనిషి తొంగి చూశాడు. "మూతికి గుడ్డ కట్టుకున్న బండిని ఇప్పుడే సూస్తాండా."

నేను గుడ్డ విప్పబోయాను. రాలేదు. బావ తన చేతులతో పెంకులు పెంకులుగా పగలగొట్టి లాగేశాడు. ఫిల్టరు బయటపడింది. ఫిల్టరు వెనక, ఎండలో తళతళ మెరుస్తూ, గ్లాసు కూడా బయటపడింది.

బావ అలాగే వంగిపోయాడు. పెదవులు కదిలాయి. పేరు చదువుకుంటున్నాడని నాకు అర్థమైంది, పన్నెండేళ్ళుగా చూస్తున్నాను.

"ఇది నా గ్లాసు గదా?"

"నీదే బావా."

"అడుగు యాడ?"

"కోసినాం."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఊపిరి గట్టిగా పీల్చాడు. ఇక బేతంచెర్ల తప్పకపోవడమే కాదు, ఇంటి గుమ్మం కూడా నాకు దూరమవుతుందని అనుకున్నాను. ఆ క్షణంలో ఊరి పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, ఆ పేరును ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. "ఎవురిది ఈ పేరు?" అని అడిగాడు.

"నాదే," అన్నాడు బావ, కోపంగా.

"నీదా? ఈయన నీకేం కావాల?"

"నా చెల్లెలి మొగుడు."

"సూసినారా?" అన్నాడు పెద్దమనిషి వెనకవాళ్ళ వైపు తిరిగి. "అందరూ బండి ఎనకాల పెండ్లాం పేరో, బిడ్డల పేరో రాయించుకుంటారు. ఈయప్ప బావ పేరును ఇంజనుకే తగిలించుకున్నాడు. అట్ల ఉండాల సుట్టరికమంటే!"

వెనకవాళ్ళు వరసగా వచ్చి తొంగి చూశారు. ఒకాయన ఫోనుతో ఫోటో తీశాడు. "కొంచెం జరగన్నా, పేరు పడల్యా," అని బావనే జరిపాడు. తర్వాత బావను కూడా పక్కన నిలబెట్టి ఇంకొకటి తీశాడు. రెండో ఫోటోలో బావ మీసం సవరించుకోవడం నేను కళ్ళారా చూశాను.

"స్టార్టు చెయ్యి," అన్నాడు బావ.

తాళం తిప్పాను. "హూఁ!" దున్నపోతు తిరిగి వచ్చింది. ముందర నిలబడిన వాళ్ళు పక్కలకు పరిగెత్తారు. బావ టైరు కింద రాయి తీసి, పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. బండి మొదటి గేరులో, ఆ ఊరంతా వినపడేటట్టు రంకెలేస్తూ మిట్ట ఎక్కింది. అరిచింది స్వామే అనుకుని పైన ఒక ముసలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. పొద్దు ఇంకా గుడి గోడ మీదనే ఉంది. స్వామిని దించి నీళ్ళలో పడుకోబెట్టారు.

తిరుగు దారిలో మిట్ట దిగాక నేనే అడిగాను. "బావా, మరి ఆగింది గదా. మాట మాటే. ఎప్పుడు రమ్మంటావ్ బేతంచెర్లకు?"

బావ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "ముక్కు మూస్తే నేను గూడా ఎక్కలేను ఆ మిట్ట. ఈసారి లెక్కలోకి రాదు."

"అయితే మళ్ళా ఎక్కించి సూపాల్నా?"

"ఏం అక్కర్ల్యా. నా పేరుండే బండిని పాత ఇనుముకు ఏస్తావా? ఆ కొట్టోడు నా పేరును సుత్తితో కొడ్తాంటే నేను సూడాల్నా?"

అంతటితో బేతంచెర్ల మాట ముగిసింది.

మరో వారం ఆళ్లగడ్డ పోయినప్పుడు, పెంకు కట్టిన గుడ్డను పెద్దాయనకు చూపించాను. ఏమన్నా నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన దాన్ని వెలుగులో పట్టుకుని తృప్తిగా చూశాడు. "సూసినావా ఎంత దుమ్ము పట్టిందో? ఇదంతా దాని కడుపులోకి పొయ్యేది," అని, బకెట్లో ముంచి, పిండి, ఇంకో ముక్క నా ముక్కుకు కట్టాడు.

ఆ మాట నా మనసులో మిగిలింది. నంద్యాల రాగానే గ్రంథాలయానికి పోయి, మేడంను బతిమాలి, అట్ట ఊడిన ఆ పుస్తకమే మళ్ళీ తీయించుకున్నాను. నేను ఆపిన పేజీ తిప్పాను. పక్క పేజీ "అయితే" అన్న మాటతో మొదలైంది. దుమ్ము ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇలాంటి ఫిల్టరు వద్దని, పైగా అది ఇంజను పక్కనున్న వేడి గాలిని పీలుస్తుందని అందులో ఉంది. ఇంట్లో దాచిన నల్ల డబ్బా తీసుకుని తలవంచుకుని భాయ్ దగ్గరికి పోయాను. ఆయన మూత తెరిచాడు. లోపల కాగితం ఫిల్టరు బొగ్గు రంగులో ఉంది. దాని మడతల్లో వేరుశనగ పొట్టు, ఎలుక వెంట్రుకలు, మా నాయన కాలం నాటి బస్సు టికెట్టు ఒకటి ఉన్నాయి.

"దీన్ని మార్చి ఎన్నేండ్లాయ లైబ్రరీ? కొత్త కాగితం ఏసుకోనుంటే సాలు, అప్పుడే ఎక్కేది నీ మిట్ట," అన్నాడు భాయ్.

కొత్త కాగితం వేయించి, పాత డబ్బానే బిగించాము. బండి చప్పుడు లేకుండా, చురుగ్గా పోతోంది. తర్వాత రెండుసార్లు గాడిద మిట్ట ఎక్కింది, ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. ఇప్పుడు పుస్తకాలు పేజీ చివర ఆపకుండా, ఇంకో పేజీ తిప్పి చూసి మూస్తున్నాను.

గ్లాసు మాత్రం తీయలేదు. డబ్బా బిగించాక దానితో పని లేదు, ఉత్తపుణ్యానికి రబ్బరు గొట్టం పక్కన ఆనించి రెండు క్లిప్పులు బిగించాము. అది గాలినీ ఆపదు, దుమ్మునూ ఆపదు. భాయ్‌కు అది చూస్తే నవ్వాగదు. కాని బావ మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇంట్లోకి రాకముందే బానెట్ ఎత్తమంటాడు. ఒకసారి వంగి పేరు చదువుకుంటాడు, వేలితో దుమ్ము తుడుస్తాడు. అప్పుడు లోపలికొచ్చి, నా భార్య ఏ గ్లాసులో నీళ్ళిచ్చినా తిప్పి చూడకుండా తాగుతాడు.